నేరాల నివారణకు మార్కులు వేసే మూడు సైట్లు: ఆరు నెలలు వాడి చూశాక

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడు వారాల్లో రెండు బైకులు పోయాయి, ఒక కారు అద్దం పగిలింది. ఆ ఆదివారం మీటింగ్‌కి ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. అరగంటలో అందరూ ఒకే మాట మీదికొచ్చారు: కెమెరాలు పెట్టించేద్దాం, ఎన్ని పడితే అన్ని. ఇద్దరు ముగ్గురు వాచ్‌మన్‌ని మార్చాలన్నారు, ఒకాయన దొంగ దొరికితే ముందు నాలుగు తగిలించి ఆ తర్వాతే పోలీసులకు అప్పజెప్పాలన్నారు. భయంలో, కోపంలో ఉన్నవాళ్లు అలాగే మాట్లాడతారు, పోయింది వాళ్ల బండి కదా. నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. కెమెరా పెడితే దొంగతనం తగ్గుతుందని మనమందరం అంత గట్టిగా నమ్ముతున్నామే, అది ఎవరైనా లెక్కగట్టి చూశారా? కెమెరాలు అమ్మేవాళ్లు కాకుండా, ఆ డబ్బుతో సంబంధం లేనివాళ్లు ఎవరైనా?

చూశారు. ఒకళ్లు కాదు, చాలామంది, చాలా ఏళ్లుగా. ఆ లెక్కలన్నీ మామూలు మనుషులు కూడా చదువుకునేలా పెట్టిన సైట్లు ఉన్నాయని నాకు ఆ రాత్రే తెలిసింది. ఆరు నెలలుగా మూడింటిని వాడుతున్నాను. ఒకటి క్రైమ్‌సొల్యూషన్స్, అమెరికా న్యాయశాఖ 2011లో మొదలుపెట్టింది, ఆ శాఖలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ నడుపుతోంది. రెండోది బ్రిటన్‌లో కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ వాళ్లు నడిపే క్రైమ్ రిడక్షన్ టూల్‌కిట్. మూడోది క్యాంప్‌బెల్ కొలాబరేషన్, 2000లో మొదలైన అంతర్జాతీయ పరిశోధకుల సంస్థ, అందులో నేరం, న్యాయం మీద పనిచేసే విభాగం ఒకటి ఉంది. మూడూ ఉచితంగానే చదువుకోవచ్చు. పోలీసులు, అధికారులు, ఎన్‌జీవో వాళ్ల కోసం తయారుచేసినవే అయినా ఓపిక ఉంటే ఎవరైనా వాడుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడూ మంచివే, కానీ పేజీ పైన కనిపించే గుర్తు ఒక్కటి చూసి మూసేస్తే మాత్రం మోసపోతాం. అసలు సరుకంతా కింద ఉంటుంది.

క్రైమ్‌సొల్యూషన్స్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటికంటే తొందరగా అలవాటయ్యేది అదే. ఏదైనా కార్యక్రమం పేరు కొడితే దానికి ఒక గ్రేడ్ వస్తుంది: బాగా పనిచేస్తుంది, పనిచేసేలా ఉంది, ప్రభావం కనిపించలేదు, స్థూలంగా ఇవీ తరగతులు. ఈ గ్రేడ్ ఎవరో కూర్చుని ఇష్టమొచ్చినట్టు వేసేది కాదు. ఆ కార్యక్రమం మీద జరిగిన అధ్యయనాల్లో అన్నిటికంటే పకడ్బందీగా ఉన్నవాటిని, గరిష్ఠంగా మూడింటిని, తీసుకుంటారు. శిక్షణ పొందిన ఇద్దరు రివ్యూయర్లు విడివిడిగా చదివి మార్కులు వేస్తారు, ఇద్దరి మార్కులు కలవకపోతే పైవాళ్లు చూసి తేలుస్తారు. అధ్యయనంలో పోలిక కోసం ఇంకో గుంపు ఉండి తీరాలి, అంటే ఈ కార్యక్రమం అందనివాళ్లు, లేదా ఇది అమలు చేయని ప్రాంతం. ఇది చాలా పెద్ద షరతు. "మేం ఫలానాది మొదలుపెట్టాక నేరాలు తగ్గాయి" అని ఎవరైనా చెప్పగలరు, కానీ అది మొదలుపెట్టని పక్క ప్రాంతంలో కూడా అంతే తగ్గి ఉంటే ఆ మాటకు విలువ లేదు కదా. పైగా మనం ఏదైనా చేసేది ఎప్పుడు? దొంగతనాలు బాగా పెరిగినప్పుడే. అలా పెరిగినవి కొన్నాళ్లకు వాటంతటవే మామూలు స్థాయికి వచ్చేస్తుంటాయి. జ్వరం దానంతటది దిగే రోజున మింగిన మాత్రకు పేరొచ్చినట్టు, మనం పెట్టినదానికి ఆ ఘనత దక్కుతుంది.

ఇప్పుడు కెమెరాల సంగతి. ఈ సైట్లు ఆధారపడే పెద్ద సమీక్ష ఒకటి 2019లో వచ్చింది, ఎరిక్ పిజా, బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్, ఇంకొకరు కలిసి నలభై ఏళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. కెమెరాలు పెట్టిన చోట, పెట్టని చోటుతో పోలిస్తే, నేరాలు మొత్తం మీద 13 శాతం తగ్గాయి. ఇక్కడే ఆగిపోతే "కెమెరాలు పనిచేస్తాయి" అని చెప్పుకుని ఆర్డర్ పెట్టేయొచ్చు. కిందికి దిగితే కథ మారుతుంది. పార్కింగ్ స్థలాల్లో తగ్గుదల 37 శాతం. వాహనాల దొంగతనాలు, ఆస్తి నేరాల్లో తేడా స్పష్టంగా ఉంది, కొట్లాటలు, దాడుల్లాంటి హింసాత్మక నేరాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇంకొంచెం కిందికి వెళ్తే అసలు విషయం దొరుకుతుంది: స్క్రీన్ ముందు ఒక మనిషి కూర్చుని చూస్తున్న చోట, కెమెరాతో పాటు వేరే చర్యలు కూడా చేపట్టిన చోట ఫలితం ఎక్కువ. ఎవరూ చూడకుండా రికార్డు మాత్రమే అయ్యేవి అంత పని చేయలేదు.

నేను ఆ భాగం ప్రింట్ తీసి తర్వాతి మీటింగ్‌కి పట్టుకెళ్లాను. మా ప్లాన్‌లో లిఫ్ట్ దగ్గర, ప్రతి అంతస్తు కారిడార్‌లో, టెర్రస్ మీద కలిపి చాలా కెమెరాలు ఉన్నాయి, సెల్లార్‌లో రెండే, వాటి స్క్రీన్ తాళం వేసి ఉండే ఆఫీసు గదిలో. అంటే రుజువు ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ తక్కువ, ఎక్కడ లేదో అక్కడ ఎక్కువ. ఆ ఒక్క కాగితం వల్ల ప్లాన్ తలకిందులైంది, కెమెరాలు సగానికి తగ్గాయి, ఉన్నవాటిలో ఎక్కువ సెల్లార్‌కి దిగాయి, స్క్రీన్ వాచ్‌మన్ కూర్చునే చోటికి మారింది. వాదన పెద్దగా జరగలేదు కూడా. అంతకుముందు వారం ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గేలా ఉంది, కాగితం మీద లెక్క కనిపించగానే అందరూ దాని గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు ఈ సైట్ల మీద గౌరవం కలిగింది ఆ రోజే.

క్రైమ్‌సొల్యూషన్స్‌లో గ్రేడ్ పక్కన ఇంకో చిన్న గుర్తు ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఈ గ్రేడ్ ఒకే ఒక్క అధ్యయనం మీద నిలబడిందా, ఒకటి కంటే ఎక్కువా అని చెప్పే గుర్తు అది. దయచేసి దాన్ని వదిలేయకండి. ఎందుకంటున్నానంటే ఈ రంగంలో దీనికి పాతదే అయినా మర్చిపోకూడని ఉదాహరణ ఒకటి ఉంది. 1981-82లో అమెరికాలోని మినియాపోలిస్‌లో ఒక ప్రయోగం చేశారు. భార్యను కొట్టారని పిలుపు వచ్చిన ఇళ్లకు వెళ్లిన పోలీసులు ఏం చేయాలో ముందే చీటీ తీసినట్టు నిర్ణయించారు: కొన్నిచోట్ల అరెస్టు, కొన్నిచోట్ల మాట్లాడి సర్దిచెప్పడం, కొన్నిచోట్ల అతన్ని కొన్ని గంటలు ఇంటి నుంచి పంపేయడం. అరెస్టు చేసిన చోట మళ్లీ కొట్టడం తగ్గింది. 1984లో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ దీన్ని ప్రచురించారు, దేశమంతా చాలా పోలీసు శాఖలు అరెస్టును నియమంగా పెట్టుకోవడానికి ఇది కూడా ఒక కారణమైంది. ఆ తర్వాత అదే ప్రయోగాన్ని ఒమాహా, షార్లెట్, మిల్వాకీ లాంటి ఇంకో ఐదు చోట్ల చేసి చూస్తే ఫలితాలు ఒకలా రాలేదు. మిల్వాకీలో అయితే ఉద్యోగం లేని మగవాళ్ల విషయంలో అరెస్టు తర్వాత హింస పెరిగింది. మొదటి ప్రయోగం తప్పుడుదని కాదు, అది ఒక ఊరికి, ఒక కాలానికి సంబంధించినది, అంతే. దెబ్బలు తినే ఆడవాళ్ల ప్రాణాలతో ముడిపడిన నిర్ణయం ఒక్క అధ్యయనం మీద ఆధారపడితే ఏమవుతుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. అందుకే ఒకే అధ్యయనం అన్న గుర్తు ఉన్న మంచి గ్రేడ్‌ను నేను "బాగుంది, ఇంకా చూడాలి" అనే చదువుకుంటాను.

దీని మీదే ఇంకో మాట. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే బ్లూప్రింట్స్ అనే జాబితా కూడా ఉంది, యువతకు సంబంధించిన కార్యక్రమాలకు అది ఎక్కువ పనికొస్తుంది. వాళ్ల పై తరగతిలో చోటు దక్కాలంటే ఒక్క మంచి అధ్యయనం చాలదు, ఫలితం కార్యక్రమం అయిపోయాక కనీసం ఏడాది నిలిచిందని కూడా చూపించాలి. క్రైమ్‌సొల్యూషన్స్ అంత కఠినంగా ఉండదు. అందువల్ల ఒకే కార్యక్రమం ఒకచోట పైన, ఇంకోచోట కింద కనిపించొచ్చు. మొదట్లో నాకు ఇది చూసి చిరాకొచ్చింది, ఎవర్ని నమ్మాలని. తర్వాత అర్థమైంది, రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాయి. ఒకటి "ప్రయత్నించి చూడటానికి తగిన ఆధారం ఉందా" అని, ఇంకోటి "దేశమంతా పెట్టేయడానికి సరిపడా ఉందా" అని. ఈ తేడాను పేజీ మీదే పెద్ద అక్షరాల్లో రాస్తే బాగుండేది. రాయలేదు.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మాత్రం పనిచేయనివాటి జాబితా. మా బంధువుల్లో ఒక టీచర్ ఉన్నారు. వాళ్ల స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు గొడవలు, చిన్న చిన్న దొంగతనాలు చేస్తున్నారని యాజమాన్యం వాళ్లను జైలుకు తీసుకెళ్లి చూపించాలని అనుకుంటోందని ఒకరోజు ఫోన్‌లో చెప్పారు. ఖైదీలతో మాట్లాడిస్తే భయం పుడుతుందని. వింటే ఎవరికైనా సబబుగానే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. వెతికితే తేలింది ఏమిటంటే, సరిగ్గా ఇదే పనిని 1970ల్లో న్యూజెర్సీలోని రావే జైల్లో జీవిత ఖైదీలతో పెద్ద ఎత్తున చేశారు, స్కేర్డ్ స్ట్రెయిట్ అని పేరు, ఎంతో ప్రచారం వచ్చింది, చాలాచోట్ల దాన్ని అనుకరించారు. ఆంథనీ పెట్రోసినో బృందం క్యాంప్‌బెల్ కోసం చేసిన సమీక్షలో ఇలాంటివాటి మీద జరిగిన తొమ్మిది ప్రయోగాలను, మొత్తం వెయ్యి మందికి దగ్గరగా ఉన్న పిల్లలను, కలిపి చూశారు. వెళ్లిన పిల్లలు తర్వాత ఎక్కువగా నేరాలు చేశారు, వెళ్లనివాళ్ల కంటే. ఖాళీగా వదిలేసినా ఇంతకంటే నయమని అర్థం. మంచి మనసుతో, పిల్లలు బాగుపడాలని, సొంత సమయం పెట్టి చేసిన పని పిల్లలకు హాని చేసింది.

నేను ఆ పేజీ లింకు, మూడు వాక్యాల్లో దాని సారాంశం టీచర్‌కి పంపాను. ఆ ప్రయాణం జరగలేదు. దాని బదులు ఏం చేయాలో కూడా అక్కడే దొరికింది, కోపం వచ్చిన క్షణంలో ఏం ఆలోచిస్తున్నామో గమనించుకుని ఆగడం నేర్పే శిక్షణల మీద, కాగ్నిటివ్ బిహేవియరల్ పద్ధతి అంటారు, చాలా అధ్యయనాలున్నాయి, ఫలితాలూ బాగున్నాయి. స్కూలు కౌన్సెలర్ ఇప్పుడు దాన్ని చదువుతున్నారు. ఒక్క మాట అడగాలనిపిస్తుంది: పిల్లల మీద ఏదైనా కొత్తది ప్రయోగించే ముందు పెద్దవాళ్లు ఇలా పది నిమిషాలు వెతకడం అంత కష్టమా? మందుకైతే పరీక్షలు జరిగాయా అని అడుగుతాం, దీనికి అడగం.

కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ టూల్‌కిట్‌కి వద్దాం. చూడటానికి మూడింట్లో ఇదే హాయిగా ఉంటుంది. వాళ్లు ఐదు ప్రశ్నలు పెట్టుకున్నారు: ప్రభావం ఎంత, అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఎవరి విషయంలో బాగా పనిచేస్తుంది, అమలు చేయాలంటే ఏం కావాలి, ఖర్చు ఎంత. ఈ ఐదింటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఎమీ అంటారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు తయారుచేసిన చట్రం ఇది. నాకు ఇందులో నచ్చింది రెండో ప్రశ్న. పనిచేస్తుందా అన్నది తెలిస్తే మనం కాపీ కొడతాం, ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే మన చోటుకు తగ్గట్టు మార్చుకోగలం.

వీధి దీపాలే చూడండి. లైట్లు వేస్తే దొంగ కనిపిస్తాడు కాబట్టి రాత్రి నేరాలు తగ్గుతాయి, ఇంతే కదా మనం అనుకునేది. వెల్ష్, ఫారింగ్టన్ 2008లో అమెరికా, బ్రిటన్‌లలో జరిగిన 13 అధ్యయనాలు కలిపి చూస్తే లైట్లు మెరుగుపరిచిన చోట నేరాలు 21 శాతం తగ్గాయి. ఆశ్చర్యం ఏమిటంటే, రాత్రి నేరాలు పగటి నేరాల కంటే ఎక్కువగా ఏమీ తగ్గలేదు. పగలు లైట్లు వెలగవు కదా, మరి పగటి నేరాలు ఎందుకు తగ్గినట్టు? వాళ్లు చెప్పే వివరణ ఏమిటంటే, ఒక చోటును బాగుచేశారన్న సంగతి కనిపించగానే అక్కడివాళ్లు దాన్ని తమదిగా చూసుకుంటారు, బయట ఎక్కువసేపు ఉంటారు, కొత్త మొహం కనిపిస్తే ఎవరు బాబూ అని అడుగుతారు. ఈ ఒక్క పేరా చదివాక మా సెల్లార్‌ను నేను వేరేగా చూడటం మొదలుపెట్టాను. మూడు ట్యూబ్‌లైట్లలో ఒకటి కాలిపోయి ఎన్ని నెలలైందో ఎవరికీ గుర్తులేదు, ఒక మూల పాత సోఫా, విరిగిన సైకిళ్లు, పెయింట్ డబ్బాలు. ఎవరూ అక్కడ అవసరానికి మించి ఒక్క నిమిషం కూడా నిలబడరు.

టూల్‌కిట్‌లో లోటు కూడా చెప్పాలి. ఐదు ప్రశ్నలున్నా, చాలా పద్ధతులకు మొదటి ప్రశ్నకు తప్ప మిగతావాటికి జవాబు పలుచగా ఉంటుంది, ముఖ్యంగా ఖర్చు దగ్గర. ఇది టూల్‌కిట్ నడిపేవాళ్ల తప్పు అనలేను, అసలు అధ్యయనాలు చేసినవాళ్లే ఖర్చు రాసిపెట్టుకోలేదు. కానీ నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లు అన్నిటికంటే ముందు అడిగేది ఆ ప్రశ్నే కదా.

క్యాంప్‌బెల్ గురించి ఎక్కువ చెప్పను, పైన రెండింటికీ పునాది చాలావరకు ఇలాంటి సమీక్షలే. చదవడం కష్టం, గణాంకాలతో నిండి ఉంటాయి, మొదటిసారి తెరిచినవాళ్లకు గాభరా పుడుతుంది. సామాన్య పాఠకుల కోసం చిన్న సారాంశాలు విడిగా ఉంటాయి, వాటితో మొదలుపెట్టండి. నాకు బాగా ఉపయోగపడింది హాట్‌స్పాట్ల మీద ఆంథనీ బ్రాగా బృందం చేసిన సమీక్ష. నేరాలు ఊరంతా సమానంగా పరుచుకుని ఉండవు, కొన్ని మూలల్లో కుప్పపడి ఉంటాయి. మినియాపోలిస్‌లోనే 1980ల్లో లెక్క చూస్తే పోలీసులకు వచ్చిన పిలుపుల్లో సగం కేవలం 3 శాతం చిరునామాల నుంచి వచ్చాయి. ఆ చోట్ల మీద దృష్టి పెడితే ఏమవుతుందో చూసిన 78 పరీక్షల్లో 62 చోట్ల తగ్గుదల కనిపించిందని 2019 నాటి సమీక్ష చెబుతోంది. ఇక్కడ ఆపితే పక్క వీధికి పోతుంది కదా అని ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు, నేనూ అన్నవాణ్నే. చాలాచోట్ల అలా జరగలేదు, పక్క వీధికి కూడా కొంత మేలే జరిగింది. దీనికి ఎదురుగా అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972-73లో పోలీసు గస్తీ మీద చేసిన ప్రయోగాన్ని పెట్టి చూడాలి. 15 బీట్లను మూడు గుంపులుగా విడగొట్టి, ఐదింట్లో మామూలు గస్తీ ఆపేశారు, ఐదింట్లో ఎప్పటిలాగే ఉంచారు, ఐదింట్లో రెండు మూడు రెట్లు పెంచారు. నేరాల్లో గానీ జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గస్తీ వాహనాలు ఊరికే తిరగడానికి, ఎక్కడ ఆగాలో తెలిసి ఆగడానికి ఉన్న తేడా ఈ రెండూ పక్కపక్కన చదివితే తెలుస్తుంది. ఏ సైట్‌లోనూ ఇవి పక్కపక్కన ఉండవు, మనమే పెట్టుకోవాలి.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన లోపాలు. మొదటిది, ఎక్కువ అధ్యయనాలు అమెరికా, బ్రిటన్‌ల నుంచే. అక్కడి పోలీసు శాఖ, అక్కడి తుపాకులు, అక్కడి కోర్టుల వేగం, వీటన్నిటి మధ్య వచ్చిన ఫలితం వేరే దేశానికి ఎంతవరకు పనికొస్తుందో గ్రేడ్ చెప్పదు. ఎలా పనిచేస్తుంది అన్న భాగం చదివి మనమే ఊహించుకోవాలి.

రెండోది ఇంకా పెద్దది. చాలా అధ్యయనాల్లో నేరం తగ్గింది అంటే పోలీసు రికార్డుల్లో తగ్గింది అని. ఫిర్యాదు చేయని నేరం రికార్డులోకి రాదు. అందుకే అమెరికాలో 1973 నుంచి, బ్రిటన్‌లో 1982 నుంచి ఇంటింటికీ వెళ్లి "మీకేమైనా జరిగిందా" అని అడిగే సర్వేలు చేస్తున్నారు. అమెరికా సర్వేల్లో హింసాత్మక నేరాల్లోనూ దాదాపు సగం పోలీసుల దాకా వెళ్లవని తేలుతోంది. పోలీసుల మీద నమ్మకం పెంచే మంచి కార్యక్రమం వల్ల ఫిర్యాదులు పెరిగితే, లెక్కలో నేరాలు పెరిగినట్టు కనిపించి ఆ కార్యక్రమానికే చెడ్డ గ్రేడ్ రావొచ్చు. అందుకే నేను ప్రతి పేజీలో ముందు వెతికేది ఇదే: వీళ్లు దేన్ని లెక్కపెట్టారు? రికార్డులనా, బాధితుల మాటనా, ఆసుపత్రికి వచ్చిన గాయాలనా?

మూడోది, న్యాయం. నేరం ఎంత తగ్గిందో ఒక అంకెలో చెబుతారు, దానికోసం ఎంతమంది అమాయకులను ఆపి సోదా చేశారో, ఏ వాడలో కుర్రాళ్లు రోజూ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందో ఆ అంకెలో ఉండదు. కొన్ని అధ్యయనాలు ఈమధ్య ఇది కూడా కొలుస్తున్నాయి, కానీ గ్రేడ్‌లో దానికి తగిన చోటు లేదు. నా మట్టుకు నాకు ఇది చిన్న లోపం కాదు. ప్రజల భద్రత అంటే దొంగ నుంచి భద్రత ఒక్కటే అయితే సగం మాటే అయింది.

ఒక హెచ్చరిక కూడా. వెతికిన పద్ధతి కనిపించకపోతే పనికిరానిదని అనుకోకండి. క్రైమ్‌సొల్యూషన్స్‌లో ఆధారం సరిపోక గ్రేడ్ వేయలేకపోయినవాటికి విడిగా ఒక జాబితా ఉంటుంది, "ప్రభావం లేదు" అన్నదానికి, దీనికి చాలా తేడా. ఎవరూ సరిగ్గా కొలవలేదు, అంతే. పోలీసులతో సంబంధమే లేని పనులు కూడా వెతకండి. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను తీసుకుని, కొన్నింటిని శుభ్రం చేసి గడ్డి, చెట్లు వేశారు, కొన్నింటిలో చెత్త మాత్రం తీసేశారు, కొన్నింటిని అలాగే వదిలేశారు, ఏది ఎక్కడన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. 2018లో వచ్చిన ఫలితం: బాగుచేసిన స్థలాల చుట్టూ, పేదవాడల్లో, తుపాకీ హింస 29 శాతం తగ్గింది. చెత్త ఎత్తడం, గడ్డి నాటడం. ఇది చదివిన రోజు చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఎవరికి చెబుతాను అంటే, కాలనీ సంఘాల్లో ఉన్నవాళ్లకు, టీచర్లకు, వార్డు స్థాయిలో పనిచేసే నాయకులకు, నేరాల వార్తలు రాసే విలేకరులకు. ముందు టూల్‌కిట్‌తో మొదలుపెట్టండి, ఎలా పనిచేస్తుందో అర్థమయ్యాక క్రైమ్‌సొల్యూషన్స్‌లో అదే పేరు వెతకండి, అధ్యయనాలు ఎన్ని అన్న గుర్తు చూడండి, అనుమానం మిగిలితే క్యాంప్‌బెల్ సారాంశం. ఇంగ్లిష్ వచ్చి ఉండాలి, అది పెద్ద అడ్డంకే, ఒక పేజీకి ఇరవై నిమిషాలు పెట్టుకోండి. అయిదుకు మార్కులు వేయమంటే టూల్‌కిట్‌కి నాలుగు, క్రైమ్‌సొల్యూషన్స్‌కి మూడున్నర, క్యాంప్‌బెల్‌కి సరుకు కోసం అయిదు, చదవడానికి మూడు.

మా సెల్లార్‌లో ఇప్పుడు లైట్లన్నీ వెలుగుతున్నాయి, సోఫా, సైకిళ్లు పోయాయి, స్క్రీన్ ముందు వాచ్‌మన్ ఉంటున్నాడు. నాలుగు నెలలుగా బండ్లు ఏవీ పోలేదు. మొన్న మీటింగ్‌లో ఇదంతా మన పనే అని చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఒక నోట్‌బుక్ కొని వాచ్‌మన్ టేబుల్ మీద పెట్టాను. ఏ తేదీన ఏం జరిగినా అందులో రాయాలి, పోలీసులకు చెప్పినా చెప్పకపోయినా. రెండు బైకులు పోయిన ఆ మూడు వారాలు మామూలు కంటే చెడ్డ రోజులా, లేక అంతకుముందూ అలాగే ఉండేదా అన్నది మా దగ్గర ఎవరూ రాసిపెట్టలేదు. పక్క బ్లాక్‌వాళ్లు లైట్లు మార్చలేదు, వాళ్లనూ ఒక నోట్‌బుక్ పెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు. ఏడాది నిండాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం.